పేర్ల పలక కింద బొమ్మల పెట్టె

ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో మేం అద్దెకున్న చిన్న టౌన్‌లో చూడదగ్గవి పెద్దగా ఏం ఉండేవి కావు. మూతపడ్డ నూలు మిల్లు ఒకటి, దాని పక్క నుంచి పోయే కాలువ, మొదలుపెట్టగానే అయిపోయే హై స్ట్రీట్, దాని చివర పొగకి నల్లబడ్డ రాతి చర్చి. మా ఆయన హాస్పిటల్ డ్యూటీకి వెళ్లిపోతే ఇంట్లో నేనూ మా పాపా, బయట వాన. అప్పుడే నడక నేర్చిన పిల్లని పగలంతా నాలుగు గోడల మధ్య ఆడించడం ఎంత కష్టమో తల్లులకి చెప్పక్కర్లేదు. చర్చిలో మంగళవారం పొద్దున ప్లేగ్రూప్ ఉంటుందని హెల్త్ విజిటర్ చెప్పింది. అక్కడ నీ మతమేంటని ఎవరూ అడగరు. డబ్బాలో ఒక పౌండు వేస్తే పిల్లకి బొమ్మలు, తల్లికి టీ, బిస్కెట్లు. అలా వెళ్లడం మొదలుపెట్టాను.

చర్చి వెనక భాగంలో బెంచీలు తీసేసి కార్పెట్ పరిచారు. బొమ్మల పెట్టె ఉత్తరం వైపు గోడకి ఆనించి ఉండేది. సరిగ్గా దాని పైన, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఆ ఊరివాళ్ల పేర్లతో ఒక పాలరాతి పలక. కింద పిల్లలు ప్లాస్టిక్ లారీలు గుద్దించుకుంటుంటే, తల్లులం టీ కప్పులు పట్టుకుని ఆ పేర్ల కిందే నిలబడి పిల్లల నిద్ర గురించీ, పళ్లు రావడం గురించీ మాట్లాడుకునేవాళ్లం. పోయినవాళ్ల పేర్ల దగ్గర ఈ గోలేమిటని మొదట్లో నాకు ఇబ్బందిగా ఉండేది. మిగతావాళ్లెవరికీ ఆ ఆలోచనే ఉన్నట్టు లేదు. వాళ్లకి అది ఎప్పుడూ ఉన్న గోడే.

తెల్ల పాలరాయి, చుట్టూ బూడిదరంగు పలకరాయి అంచు, పైన చిన్న సిలువ. దేవుని మహిమ కోసం, ఈ పారిష్ నుంచి వెళ్లి ప్రాణాలిచ్చినవాళ్ల జ్ఞాపకార్థం అని ఒక వాక్యం. 1914–1919 అని సంవత్సరాలు. దాని కింద రెండు వరసల్లో నలభై పైచిలుకు పేర్లు, ఇంటిపేరు ప్రకారం అక్షరక్రమంలో. ఎవరికీ హోదా లేదు. లెఫ్టినెంటూ, మామూలు సిపాయీ పక్కపక్కనే. రెండో ప్రపంచ యుద్ధం కోసం తర్వాత అడుగున ఒక సన్నటి పట్టీ అతికించారు. మళ్లీ అవసరం పడుతుందని మొదటిది చేయించినవాళ్లు అనుకోలేదు కాబట్టి దానికి చోటు వదల్లేదు.

బొమ్మల పెట్టె తాళం ఒక పెద్దావిడ దగ్గర ఉండేది. రిటైరైన స్కూల్ టీచర్, ఆ చర్చికి వార్డెన్. ఎనభై దాటాయి. ఆ ప్రాంతం అలవాటు ప్రకారం అందర్నీ ‘లవ్’ అనే పిలిచేవారు. చర్చి ఫాదర్ వికార్‌నీ అంతే, పోస్ట్‌మన్‌నీ అంతే, నన్నూ అంతే. ఒకరోజు మా పాపని ఎత్తుకుని నిలబడితే అది చెయ్యి చాపి పలక మీద ఒక పేరు మధ్యలో ఉన్న చిన్న చిన్న చిల్లుల్లో వేలు పెట్టింది. నేను గబుక్కున వెనక్కి లాగాను. ఆవిడ నవ్వి, “పెట్టనీ లవ్, నా చిన్నప్పుడు నేనూ పెట్టేదాన్ని” అన్నారు. ఆ పలక మీద అక్షరాలు ఉత్తినే చెక్కి రంగు వేసినవి కావట. రాయిలో అక్షరం ఆకారం చెక్కి, లోపల సన్నటి చిల్లులు పొడిచి, వాటిలోకి దిగేలా సీసాన్ని సుత్తితో కొట్టి నింపి, పైన నున్నగా అరగదీస్తారు. రాయిలోకి చెమ్మ చేరితే కొన్నేళ్లకి సీసం ఊడి వస్తుంది. అక్షరం పోతుంది, చిల్లులు మిగులుతాయి. మా పాప వేలు పెట్టింది ఎవరి ఇంటిపేరులోనో ఊడిపోయిన అక్షరం చోట.

ఆ రోజు నుంచి టీ అయ్యాక కప్పులు కడగడంలో సాయం చేస్తూ ఆవిడ చెప్పేవి వినడం నాకు అలవాటైంది. యుద్ధం 1918 నవంబరులో ఆగిపోతే పలక మీద 1919 ఎందుకుందని అడిగాను. “ఆగింది కాల్పులు, యుద్ధం కాదు” అన్నారు. జర్మనీతో యుద్ధాన్ని ముగించిన వెర్సాయ్ ఒప్పందం మీద సంతకాలు 1919 జూన్ 28న జరిగాయి. అందుకే ఒక ఊళ్లో 1918 అనీ, పక్క ఊళ్లో 1919 అనీ కనిపిస్తుంది. గాయాలతో ఇంటికొచ్చి తర్వాత పోయినవాళ్లని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది ఒక్కో ఊళ్లో ఒక్కోలా తేల్చుకున్నారట. బ్రిటిష్ సామ్రాజ్య సైనికుల సమాధులు, స్మారకాలు చూసుకునే యుద్ధ సమాధుల కమిషన్ మాత్రం 1921 ఆగస్టు 31 వరకు చనిపోయినవాళ్లని యుద్ధంలో పోయినవాళ్లుగానే రాసుకుంది.

అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి. ఈ పలకలు ప్రతి ఊళ్లో ఎందుకున్నాయో నాకు అప్పటిదాకా తట్టలేదు. బ్రిటన్‌లో యుద్ధ స్మారకాలు చిన్నవీ పెద్దవీ కలిపి లక్ష దాకా ఉంటాయంటారు. దానికి కారణం, శవాలు ఇంటికి రాలేదు. 1915లోనే శవాలను స్వదేశానికి తేవడం నిషేధించారు. డబ్బున్నవాళ్లు తెచ్చుకుని లేనివాళ్లు ఏడుస్తూ కూర్చునే పరిస్థితి ఉండకూడదన్నది ఒక వాదన. ఎక్కడ పడితే అక్కడే పూడ్చారు, అందరికీ ఒకే కొలత రాయి పెట్టారు. ఆ రాయి మీద ఇంటివాళ్లు ఏదైనా రాయించుకోవచ్చు, కానీ ఖాళీలతో కలిపి 66 అక్షరాలు దాటకూడదు. మొదట్లో అక్షరానికి మూడున్నర పెన్నీలు అడిగేవాళ్లు. మిల్లులో పనిచేసే తల్లి ఫ్రాన్స్ వెళ్లి కొడుకు సమాధి చూసొచ్చే మాట కల్ల. చాలామందికి అసలు సమాధే దొరకలేదు. అందుకని ఊళ్లో, రోజూ కనబడే చోట, పేరు చూసుకోవడానికి ఒక గోడ కావాల్సి వచ్చింది. పువ్వులు పెట్టాలన్నా దాని కిందే.

మా టౌన్‌కి దగ్గర్లోనే ఆక్రింగ్టన్. ఆ ఊరి పేరు మొదటి ప్రపంచ యుద్ధం గురించి చదివినవాళ్లకి తెలిసే ఉంటుంది. 1914 సెప్టెంబరులో, కలిసి చేరితే కలిసే ఉండొచ్చు అన్న మాట మీద, ఆ చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లు పది రోజుల్లో ఒక బెటాలియన్ నింపేశారు. వాళ్లకే ‘ఆక్రింగ్టన్ పాల్స్’ అని పేరు, పాల్స్ అంటే స్నేహితులు. ఒకే మిల్లు, ఒకే వీధి, ఒకే ఫుట్‌బాల్ జట్టు. 1916 జులై 1న ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధం మొదటి రోజున సెర్ అనే పల్లె మీద దాడికి వెళ్లిన సుమారు 720 మందిలో 584 మంది చనిపోవడమో, గాయపడటమో, ఆచూకీ లేకుండా పోవడమో జరిగింది. అది అరగంటలోపే. ఆ ఒక్కరోజు బ్రిటిష్ సైన్యంలో 19,240 మంది పోయారు. కలిసి చేరినవాళ్లు కలిసే పోయారు, కాబట్టి ఒక వీధిలో ఇంటి తర్వాత ఇంట్లో చావుకి గుర్తుగా కిటికీ తెరలు దించేశారు. అధికారుల ఇళ్లకి టెలిగ్రాం వచ్చేది. సిపాయిల ఇళ్లకి మాత్రం పోస్టులో ఒక ఫారం. చనిపోతే ఒక నంబరు ఫారం, ఆచూకీ తెలియకపోతే ఇంకో నంబరు. పేరూ తేదీ చేత్తో నింపి పంపేవాళ్లు.

మా చర్చి పలక మీద ఒకే ఇంటిపేరు వరసగా మూడుసార్లు ఉండేది. అన్నదమ్ములా అని అడిగితే ఇద్దరు అన్నదమ్ములు, మూడోవాడు పెదనాన్న కొడుకు అన్నారావిడ.

అదే గోడ మీద కాస్త పక్కగా ఇంకో పలక ఉండేది, ఇత్తడిది. మిల్లు యజమాని కొడుకు కోసం వాళ్లింటివాళ్లు విడిగా చేయించారు. హోదా, చదివిన కాలేజీ, కుటుంబ చిహ్నం అన్నీ ఉంటాయి. వాళ్ల దుఃఖం తక్కువదని నేననను. కానీ అందరితో కలిపి ఉన్న పేరు చాలదా అనిపించేది చూసినప్పుడల్లా. తమాషా ఏమిటంటే, వందేళ్లు భక్తిగా పాలిష్ పట్టీ పట్టీ ఆ ఇత్తడి పలక మీద అక్షరాలే ముందు అరిగిపోయాయి.

మేం అక్కడున్నది సరిగ్గా శతాబ్ది సంవత్సరాలు, 2014 తర్వాత. ఊళ్లో చరిత్ర మీద ఆసక్తి ఉన్న కొందరు కూడి పలక మీద ఒక్కో పేరు వెనకాల మనిషెవరో వెతికారు. పాత పేపర్లు, జనాభా లెక్కలు, మిల్లు రికార్డులు, అటక మీద పెట్టెలు. అన్నీ కలిపి ఒక లావుపాటి ఫోల్డర్ చేసి పలక కింద బల్ల మీద పెట్టారు. ఎవరైనా చనిపోయి సరిగ్గా వందేళ్లు నిండిన రోజున ఒక కొవ్వొత్తి వెలిగించి, ఆ పేజీ తెరిచి ఉంచేవాళ్లు. మంగళవారాలు పాప ఆడుకుంటుంటే నేను ఆ ఫోల్డర్ చదివేదాన్ని. నేత పనివాడు, రొట్టెల దుకాణంలో కుర్రాడు, చర్చి గంటలు మోగించే జట్టులో ఒకడు. కొంతకాలానికి ఆ వీధుల్లో స్ట్రోలర్ తోసుకుంటూ పోతుంటే ఈ ఇల్లు ఫలానా అతనిది కదా అని అనుకోవడం మొదలైంది. అక్కడ నాకు తెలిసిన బతికున్నవాళ్లకన్నా తెలిసిన పోయినవాళ్లే ఎక్కువ అని మా ఆయన వేళాకోళం చేసేవారు.

ఆ వెతుకులాటలోనే పలక మీద లేని మనిషి ఒకడు బయటపడ్డాడు. అదే ఊరివాడు, అదే చర్చిలో బాప్తిస్మం, 1916లో సోమ్ దగ్గర ఆచూకీ లేకుండా పోయాడు. ఫ్రాన్స్‌లో తియెప్‌వాల్ స్మారకం మీద, సమాధి లేని 72,000 మందికి పైగా పేర్లలో అతని పేరూ ఉంది. సొంత ఊళ్లో లేదు. ఎందుకు లేదో చర్చి పాత మినిట్స్ పుస్తకంలో దొరికింది. యుద్ధం అయ్యాక పలక కోసం కమిటీవాళ్లు ఇంటింటికీ తిరిగి పేర్లు అడిగారు. ఆ తల్లి ఇవ్వనంది. చనిపోయాడని నాకెవరూ రుజువు చూపించలేదు, వాడి పేరు రాయకండి అంది. వాళ్లు రాయలేదు. చాలా ఊళ్లలో ఇలాంటి తల్లులు ఉన్నారని తర్వాత చదివాను.

ఇప్పుడు రాయించాలా వద్దా? ఒక సాయంత్రం చర్చి హాల్లో మీటింగ్ పెట్టారు. పాపని మా ఆయనకి అప్పజెప్పి నేనూ వెళ్లాను, వెనక కుర్చీలో కూర్చున్నాను. నిజానికి ఖర్చు సమస్య కాదు. ఊడిన సీసం అక్షరాలు ఎలాగూ బాగు చేయించాలి, ఆ పనివాడితోనే ఇదీ చేయించొచ్చు. గోడ మీద ఏది మార్చాలన్నా బిషప్ పరిధిలోని డయోసిస్ నుంచి అనుమతి తెచ్చుకోవాలి, అదీ వస్తుంది. గొడవంతా ఆ తల్లి మాట దగ్గరే. వందేళ్లయింది, ఆమే లేదు, కుర్రాడికి అన్యాయం జరగకూడదని ఒకాయన వాదించాడు. ఇంకొకావిడ లేచి, ఆమెకి ఇష్టం లేదని రాసి పెట్టి ఉంటే ఆమె పోయింది కదా అని మనం చెక్కిస్తామా అంది. గొంతులు లేచాయి. కోపంగా మాట్లాడుతూనే ఒకరి కప్పులో ఒకరు టీ పోసుకున్నారు. అదొక్కటి మాత్రం నాకు ఆ దేశంలో ఎప్పటికీ అర్థం కాలేదు.

మా వార్డెనమ్మ చివరిదాకా మాట్లాడలేదు. అందరూ అలిసిపోయాక, రాయి ముట్టుకోవద్దు, నవంబరులో పేర్లు చదివేటప్పుడు అతని పేరు కూడా చదువుదాం అన్నారు. చదివితే చనిపోయాడని ఒప్పుకున్నట్టే కదా అని ఎవరో అన్నారు. “పిలవడానికి చనిపోయి ఉండాలా?” అన్నారావిడ. దాంతో మీటింగ్ అయిపోయింది.

ఆ నవంబరులో పేర్లు చదివేవాళ్లలో నన్నూ ఒకదాన్ని చేశారు. ఏటా నవంబరు రెండో ఆదివారం అక్కడ యుద్ధంలో పోయినవాళ్లని తలుచుకునే రోజు. కోటుకి ఎర్ర పాపీ పువ్వు పెట్టుకుని ఊరంతా వస్తుంది, మామూలు ఆదివారాలు రానివాళ్లతో సహా. 1919లో మొదలైన రెండు నిమిషాల మౌనం ఇప్పటికీ పాటిస్తారు. బ్రాస్ బ్యాండ్‌లో వాయించే కుర్రాడు బ్యూగిల్ ఊదుతాడు. నాకైతే వారం ముందు నుంచే టెన్షన్. లాంకషైర్ ఇంటిపేర్లు రాసినట్టు పలకరు. ఎంట్‌విసిల్, హావర్త్ లాంటివి తప్పు పలికితే వాళ్ల మనవలూ మునిమనవలూ ముందు వరసలోనే కూర్చుని ఉంటారాయె. ఆవిడ వంటగదిలో నాచేత పదే పదే చదివించారు. “తొందరపడకు. ఒక పేరు చెప్పాక వాళ్లమ్మ తలెత్తి చూసేంత టైమివ్వు” అన్నారు. చదివాను. గొంతు వణికింది గానీ పేర్లు సరిగ్గానే వచ్చాయి. చివర్న ఆ పలక మీద లేని అతని పేరు వికార్ చదివారు.

నేను చదివిన పేర్లలో ఒకతని పేజీ నన్ను ఇంకో దారి పట్టించింది. లాయల్ నార్త్ లాంకషైర్ రెజిమెంటు, 6వ బెటాలియన్. 1917 మార్చిలో, బాగ్దాద్ దగ్గర దియాలా నది దాటేటప్పుడు పోయాడు. ఆ బెటాలియన్‌లో కొద్దిమంది అవతలి ఒడ్డున మట్టికట్ట వెనక చిక్కుకుని, తోడు వచ్చేదాకా అక్కడే నిలిచి పోరాడారట. మార్చి 11న బ్రిటిష్ సైన్యం బాగ్దాద్‌లో అడుగుపెట్టింది. అతని సమాధి లేదు. పేరు ఇరాక్‌లో బస్రా స్మారకం మీద ఉంది. రాత్రి పాప నిద్రపోయాక ఆ స్మారకం సంగతేమిటో చూద్దామని కూర్చున్నాను.

1929లో కట్టారు, 1997లో ఊరి బయటికి మార్చారు. సమాధి తెలియని 40,000 మందికి పైగా సైనికుల స్మారకం. వాళ్లలో ఎక్కువమంది మనవాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో భారత సైనికులు అన్నిచోట్లకన్నా ఎక్కువగా వెళ్లింది మెసపొటేమియాకే, అంటే ఇప్పటి ఇరాక్‌కి. టైగ్రిస్ మీద వంతెనలు కట్టినవాళ్లలో సైన్యానికి దారులు, వంతెనలు వేసే మద్రాస్ శాపర్స్ ఉన్నారు, అంటే తమిళులతో పాటు మన తెలుగువాళ్లూ. కానీ ఆ గోడ మీద లాంకషైర్ సిపాయికి పేరుంది. భారత సైన్యంలో అధికారులకి పేరుంది. సిపాయిలకి మాత్రం రెజిమెంటు పేరు కింద ఇంతమంది అని ఒక సంఖ్య. అంతే.

ఫ్రాన్స్‌లో అలా చేయలేదు. నూవ్ షపెల్‌లో 1927లో కట్టిన భారతీయుల స్మారకం మీద 4,700 మందికి పైగా పేర్లున్నాయి, సిపాయిలవి కూడా. కాబట్టి చేతకాక కాదు. యూరప్‌లో అవసరమనుకున్నది బస్రాలో అవసరం లేదనుకున్నారు. 2021లో యుద్ధ సమాధుల కమిషన్ స్వయంగా విచారణ చేయించి ఒప్పుకుంది. 45,000 నుంచి 54,000 మందిని, ఎక్కువగా భారతీయులనూ ఆఫ్రికన్లనూ, మిగతావాళ్లతో సమానంగా స్మరించలేదని. ఇంకో 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో స్మరణే లేదనో, అసలు ఏ గుర్తూ లేదనో. బ్రిటన్ రక్షణ మంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. అప్పటికి మేం ఆ టౌన్ వదిలేసి చాలా కాలమైంది. వార్త చూడగానే నాకు గుర్తొచ్చింది ఆ మినిట్స్ పుస్తకమే. ఆ ఊళ్లో ఒక తల్లి తలుపు తట్టి నీ కొడుకు పేరు రాయమంటావా అని అడిగారు, వద్దంటే వద్దన్న మాట కూడా రాసిపెట్టుకున్నారు. గోదావరి ఒడ్డునో, విశాఖ ఏజెన్సీ అంచునో ఉన్న తల్లికి వద్దనే అవకాశమైనా రాలేదు. నాకు కోపం వచ్చింది సంఖ్య వేసినందుకు కాదు, అడగనందుకు.

వార్డెనమ్మకి ఫోన్ చేసి చెప్పాను. అప్పటికి వినికిడి తగ్గింది, ప్రతిదీ రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అంతా విని, “మరి వాళ్ల పేర్లెక్కడున్నాయి లవ్? ఎవరో ఒకరు రాసుకుని ఉంటారుగా” అన్నారు. టీచరమ్మ బుద్ధి. రాసుకున్నారు కూడా. బస్రా గోడ మీద లేకపోయినా అక్కడి భారతీయ సిపాయిల పేర్లు కమిషన్ రిజిస్టర్లలో ఉన్నాయి. వాటిని ఇప్పుడు కమిషన్ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. కొన్ని ఎంట్రీల్లో తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి.

మీ ఇంట్లో ముత్తాతో, ఆయన తమ్ముడో ‘బస్రా వెళ్లి తిరిగి రాలేదట’ అన్న మాట ఎప్పుడైనా విని ఉంటే ఒకసారి వెతికి చూడండి. ఇప్పటి ఊరి పేర్లతో వెతికితే లాభం తక్కువ. అప్పటి ఇంగ్లిష్ స్పెల్లింగులు కావాలి. విశాఖపట్నానికి విజాగపటం, కాకినాడకి కొకనాడ, ఏలూరుకి ఎల్లోర్, విజయవాడకి బెజవాడ, కృష్ణా జిల్లాకి కిస్ట్నా, కడపకి కడ్డపా. మనిషి పేరు ఇంకా కష్టం, రాసుకున్న గుమాస్తాకి వినపడినట్టు రాశాడు. ఇంటిపేరు చాలాసార్లు ఉండదు. రెజిమెంటు తెలిస్తే దానితో మొదలుపెట్టండి, మద్రాస్ శాపర్స్ అయితే అప్పటి పూర్తి పేరు ‘2nd క్వీన్ విక్టోరియాస్ ఓన్ శాపర్స్ అండ్ మైనర్స్’.